పక్క ఊరికి పదిహేను లక్షలు, మా తండాకు మూడేనా?

ప్రశ్న: మాది మహబూబాబాద్ జిల్లాలో ఒక తండా. 2018 దాకా పక్కనున్న పెద్ద ఊరి పంచాయతీలోనే ఉండేవాళ్లం. ఆ తర్వాత మాకు విడిగా పంచాయతీ వచ్చింది. మొన్న 2025 డిసెంబరు ఎన్నికల్లో నేను సర్పంచిగా గెలిచాను. పాత రికార్డులు తిరగేస్తుంటే ఒక సంగతి మింగుడుపడడం లేదు. కేంద్రం పంపే ఆర్థిక సంఘం పైసలు పెద్ద ఊరికి ఏడాదికి దాదాపు 15 లక్షలు వస్తే, మాకు 3 లక్షల పైచిలుకే వచ్చాయి. వాళ్ల జనాభా 3,100, మాది 620 అని సెక్రటరీ సార్ చెప్పారు. 2024 ఫిబ్రవరి నుంచైతే ఆ మూడు లక్షలు కూడా రాలేదంటున్నారు. ఢిల్లీ నుంచి బయల్దేరిన పైసలు మధ్యలో ఎవరు మింగుతున్నారు? ఎమ్మెల్యేని అడగాలా, కలెక్టర్‌ని అడగాలా? మా ఆయనేమో, ఇప్పుడే గెలిచావు, లెక్కలడిగి శత్రువుల్ని తెచ్చుకోకు అంటున్నారు. (పేరు, ఊరు వద్దన్నారు.)

సమాధానం:

అమ్మా, ముందు మీ ఆయనగారి మాట తేల్చేద్దాం. లెక్క అడిగితే ఒకరిద్దరు ముఖం తిప్పుకోవచ్చు. అడగకపోతే మాత్రం ఎండాకాలంలో బోరు మోటారు కాలిపోయిన రోజు బిందెలు పట్టుకుని జనం వచ్చేది మీ గుమ్మం ముందుకే. అడగండి. అయితే ఎవరిని అడగాలి, ఏం అడగాలి అన్నది మాత్రం మీరు అనుకుంటున్నట్టు కాదు.

నేను పంచాయతీరాజ్ శాఖలో ముప్పై ఏళ్ల పైనే పనిచేసి రిటైరయ్యాను. "మధ్యలో ఎవరో మింగారు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కొన్నిసార్లు అది నిజం కూడా. కానీ మీరు రాసిన అంకెల్లోనే సగం జవాబు ఉంది. 3,100ని 620తో భాగించండి. అయిదు వస్తుంది. 15 లక్షల్ని 3 లక్షలతో భాగించండి. అదీ అయిదే. మధ్యలో ఎవరో చెయ్యి పెట్టి ఉంటే ఈ రెండు అయిదులూ ఇంత ముచ్చటగా కలిసేవి కావు.

ఈ పైసలు వచ్చే దారి ఒకసారి చూడండి. రాజ్యాంగంలోని 280వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి అయిదేళ్లకోసారి ఆర్థిక సంఘాన్ని వేస్తారు. మీరు చూసిన రికార్డులు 15వ సంఘం కాలానివి. దానికి అధ్యక్షుడు ఎన్.కె. సింగ్. ఆ సంఘం 2021 నుంచి 2026 వరకు అయిదేళ్లకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నిటికీ కలిపి 2,36,805 కోట్లు ఇవ్వమంది. ఏ రాష్ట్రానికి ఎంత అన్నదానికి రెండే కొలతలు. నూటికి 90 వంతులు జనాభాని బట్టి, 10 వంతులు విస్తీర్ణాన్ని బట్టి. జనాభా అంటే 2011 జనగణనలోది.

దానికి ముందరి ఏడాది 2020-21కి కూడా ఈ సంఘమే విడిగా లెక్క కట్టింది, అలా ఆ ఏడాది తెలంగాణ గ్రామాల వాటాకి 1,847 కోట్లు వచ్చాయి. 2021-22లో అది 1,365 కోట్లకు దిగింది. మీకు ముందున్న సర్పంచి "మా మొదట్లో ఇంతకన్నా ఎక్కువే వచ్చేది" అంటే అబద్ధమని కొట్టిపారేయకండి. దేశం మొత్తం మీదే ఆ ఏడాది గ్రామీణ వాటా 60,750 కోట్ల నుంచి 44,901 కోట్లకు తగ్గింది.

డబ్బు రాష్ట్రానికి చేరాక మూడు అంచెల్లో విడిపోతుంది. గ్రామపంచాయతీ, మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు. ఎవరికెంత అన్నది రాష్ట్ర ఆర్థిక సంఘం చెప్పాలి. ఆ సిఫారసు లేకపోతే రాష్ట్ర ప్రభుత్వం తేల్చాలి. ఆ తేల్చడానికి కూడా హద్దులున్నాయి. గ్రామపంచాయతీలకు 70 నుంచి 85 శాతం, మండలానికి 10 నుంచి 25, జిల్లాకు 5 నుంచి 15. ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. అంతకు ముందు 14వ సంఘానికి మన వై.వి. రెడ్డిగారు అధ్యక్షులు. ఆయన సంఘం మొత్తం సొమ్ము నేరుగా గ్రామపంచాయతీలకే ఇచ్చేసింది, మండలానికీ జిల్లాకీ పైసా లేదు. ఆ అయిదేళ్లూ ఎంపీటీసీలు, అంటే మండల పరిషత్తు సభ్యులు, మండల సమావేశాలకు వచ్చి టీ తాగి, "మేం ఉత్సవ విగ్రహాలం" అని గొణుక్కుంటూ వెళ్లేవాళ్లు. 15వ సంఘం వచ్చాక వాళ్లకూ ఇంత పడింది. వాళ్లకు పడినంత మేర మీ గిన్నెలో తగ్గింది. రెండిట్లో ఏది న్యాయమన్నది ఇప్పటికీ తేలని తగాదా. నన్నడిగితే ఊరికే ఇవ్వడం మేలంటాను. కాకపోతే నేను ఊళ్ల వైపు పనిచేసినవాణ్ని, నా మాటలో ఆ మొగ్గు ఉంటుంది.

గ్రామపంచాయతీల వాటా తేలాక ఊరూరికీ పంచే తీరు కూడా దాదాపు అదే. రాష్ట్ర ఆర్థిక సంఘం వేరే పద్ధతి చెప్పి ఉంటే అది, లేకపోతే 90 జనాభాకి, 10 విస్తీర్ణానికి. ఇందులో ఎమ్మెల్యే పెన్ను పెట్టడానికి చోటే లేదు. ఆయన నిధులు వేరు, ఈ నిధులు వేరు. మీరు ఆయన్ని కలిసి ఇది అడిగితే, ఆయన "చూద్దాంలే అమ్మా" అని భుజం తడతారు. అంతే.

లెక్క కళ్లకు కట్టాలంటే గుండ్రటి అంకెలతో ఒకసారి వేసి చూద్దాం. ఇవి ఊహించుకున్న అంకెలే, జీవోలోవి కావు. రాష్ట్రంలో పంచాయతీలకు పంచాల్సింది 1,000 కోట్లు అనుకోండి. పల్లె జనం రెండు కోట్లు, నేల లక్ష చదరపు కిలోమీటర్లు. 1,000లో 900 కోట్లు జనాభాకి, అంటే తలకు 450 రూపాయలు. మిగిలిన 100 కోట్లు నేలకి, అంటే చదరపు కిలోమీటరుకు 10 వేలు. మీ తండా 620 మంది, మూడు చదరపు కిలోమీటర్లు అనుకుందాం. తలల కింద 2,79,000, నేల కింద 30,000, మొత్తం 3,09,000. పెద్ద ఊరు 3,100 మంది, తొమ్మిది చదరపు కిలోమీటర్లు. తలల కింద 13,95,000, నేల కింద 90,000, మొత్తం 14,85,000.

ఇప్పుడు ఆ మొత్తాన్ని మళ్లీ మనిషికి పంచి చూడండి. పెద్ద ఊళ్లో మనిషికి 479 రూపాయలు. మీ తండాలో 498. ఈ లెక్కలో మనిషికి 19 రూపాయలు మీకే ఎక్కువ! జనానికి తగ్గ నేల మీకు కాస్త ఎక్కువ ఉంది కాబట్టి. ఇది రేపు గ్రామసభలో చెప్పి చూడండి, ఎవ్వరూ నమ్మరు. ఎందుకు నమ్మరంటే, వాళ్ల కంటికి కనిపించేది మనిషికెంత అన్నది కాదు, ట్రాక్టరుకెంత అన్నది.

మీ అసలు బాధ ఇక్కడుంది. రాష్ట్రం పల్లె ప్రగతి కార్యక్రమం నడిపిన రోజుల్లో ప్రతి పంచాయతీకి ఒక ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు వచ్చాయి. 3,100 మంది ఉన్న ఊరికీ ఒక ట్రాక్టరే, 620 మంది ఉన్న తండాకీ ఒక ట్రాక్టరే. బ్యాంకు కిస్తీ జనాభా చూసి తగ్గదు. డ్రైవరు, డీజిలు, వీధిలైట్ల బిల్లు, నర్సరీ, డంపింగ్ యార్డు అన్నీ అంతే. పెద్ద ఊరు ఆ ఖర్చులన్నీ పెట్టుకున్నా ఇంకా ఎంతో కొంత మిగులుతుంది. మీకు వచ్చిందంతా అక్కడే అయిపోతుంది. తలల్ని లెక్కపెట్టే పద్ధతికి ఈ కష్టం కనిపించదు. మిమ్మల్ని మోసం చేసిందని కాదు, మీ వైపు చూడడానికి దానికి కళ్లు లేవు.

ఒకప్పుడు కాస్తో కూస్తో ఉండేవి. 2000లో మొదలైన 11వ సంఘం, ఎ.ఎం. ఖుస్రో అధ్యక్షతన, రాష్ట్రాల మధ్య పంచేటప్పుడు జనాభాకి నూటికి 40 మాత్రమే ఇచ్చింది. తలసరి ఆదాయంలో వెనకబాటుకి 20, పంచాయతీలకు అధికారాలు ఎంతవరకు అప్పగించారన్నదానికి 20, సొంతంగా పన్నులు రాబట్టే ప్రయత్నానికి 10, విస్తీర్ణానికి 10. ఆ కొలతలు పట్టుకోవడం కష్టం, రాష్ట్రాలు ఒప్పుకోవడం ఇంకా కష్టం. పోనుపోను అన్నీ రాలిపోయి తలలూ నేలా మిగిలాయి. సులువైన లెక్కకు ఒక సుగుణం ఉంది, ఎవరైనా వేసి సరిచూసుకోవచ్చు. ఇప్పుడు మీరూ నేనూ చేసింది అదే కదా. పేదరికాన్ని కొలిచే సూచీ పెట్టి ఉంటే, దాని అర్థమేంటో కనుక్కోవడానికే మీరు హైదరాబాదు పోవాల్సి వచ్చేది.

అందుకే మీకు నేను చెప్పేది ఒకటే. మింగినవాడి కోసం వెతకడం ఆపి, మీ అంకె ఎక్కడుందో వెతకండి. ఆ 620 ఎక్కడి నుంచి వచ్చింది?

సెక్రటరీ సార్ చెప్పారు అన్నారు. ఆయనకు కంప్యూటరు చెప్పింది. కంప్యూటరుకు ఎవరు చెప్పారు? జనగణన పుస్తకంలో మీ తండా పేరు మీద విడిగా పేజీ దొరకదు. ఎందుకంటే 2011 నాటికి మీది పెద్ద ఊరి రెవెన్యూ గ్రామంలో ఒక ఆవాసం మాత్రమే. జనగణన రెవెన్యూ గ్రామం లెక్కన జనాన్ని అచ్చువేస్తుంది, తండాలూ గూడేలూ అందులో కలిసిపోతాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో నాలుగు వేల పైచిలుకు కొత్త పంచాయతీలు పుట్టి మొత్తం 12,751 అయ్యాయి. కొత్తవాటిలో తండాలు చాలానే ఉన్నాయి. అప్పుడు ఒక్కో తల్లి ఊరి జనాభాని విడగొట్టి, ఇంతమంది ఇటు, ఇంతమంది అటు అని అంకెలు వేశారు. ఆ పని ఎంత హడావుడిగా జరిగిందో నేను కళ్లారా చూశాను. రాత్రి పదింటికి మండల ఆఫీసులో ముగ్గురు కార్యదర్శులు, ఒక ఆపరేటరు. గోడకు ఆనించి పాత ఓటర్ల జాబితాలు. బయట సమోసాల వాడు.

ఆ రోజుల్లో నేను పనిచేసిన చోట ఒక తండాకి 412 బదులు 214 అని పడింది. ఎవరి తప్పో చెప్పలేం, వేళ్లు తారుమారయ్యాయి, అంతే. ఆ తండావాళ్లకు ఏడాదిన్నర దాకా తెలియలేదు. పైన వేసుకున్న తలకు 450 లెక్కన చూసినా 198 మందికి ఏడాదికి 89 వేల రూపాయలు. చివరికి కనిపెట్టింది అధికారులు కాదు, ఇంటర్ చదువుతున్న ఒక వార్డు మెంబరు కొడుకు. తండాలో రేషన్ కార్డులు లెక్కపెట్టి, "మా ఊళ్లో 214 మందే ఉంటే ఇంటికి ఇద్దరు చొప్పున కూడా లేనట్టే కదా సార్" అని అడిగాడు. ఫైలు తీసి చూస్తే తెలిసింది.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఇది. మీ పంచాయతీని విడదీసినప్పటి ఫైలులో ఏ ఆవాసాలు మీ వైపు వచ్చాయి, ఒక్కోదానికి 2011 జనాభా ఎంత వేశారు అన్న పట్టిక జిల్లా పంచాయతీ అధికారి (డీపీఓ) ఆఫీసులో ఉంటుంది. మండల పంచాయతీ అధికారి (ఎంపీఓ) ద్వారా దాని నకలు రాతపూర్వకంగా అడగండి. కేంద్రం పెట్టిన స్థానిక సంస్థల డైరెక్టరీలో మీ పంచాయతీకి ఒక కోడ్ ఉంటుంది, దాని కింద మీ ఆవాసాలన్నీ ఎక్కాయో లేదో కూడా చూపించమనండి. కొన్నిచోట్ల తండా విడిపోయినా, దాని పక్కన నాలుగు గుడిసెల చిన్న తండా ఇంకా తల్లి ఊరి లెక్కలోనే ఉండిపోతుంది. అక్కడి మనుషులు ఓటు మీకు వేస్తారు, నీళ్లు మిమ్మల్ని అడుగుతారు, వాళ్ల తలల పైసలు మాత్రం అటు పోతాయి. విస్తీర్ణం సంగతీ అంతే. ఏ సర్వే నంబర్లు మీవో వీఆర్ఓ వ్యవస్థ ఉన్నప్పుడు రాసిన కాగితం ఒకటి ఉండాలి. నేల వాటా పదోవంతే కదా అని వదిలేయొద్దు గానీ, ముందు తలలు చూడండి. అసలు లాభనష్టం అక్కడే.

ఆ పట్టికలో తప్పు దొరికిందనుకోండి, అప్పుడు గ్రామపంచాయతీ తీర్మానం చేసి, దానితో కలెక్టరుగారి దగ్గరికి వెళ్లండి. మీ ప్రశ్నలో కలెక్టరు పేరు వచ్చేది ఇక్కడ. ఉత్త చేతులతో వెళ్లి "మాకు తక్కువ వస్తోంది" అంటే దరఖాస్తు తీసుకుని రసీదు ఇస్తారు. "మా జనాభా ఈ ఫైలులో ఇంత, కంప్యూటరులో ఇంత" అని రెండు కాగితాలు పక్కపక్కన పెడితే డీపీఓని పిలిపిస్తారు.

తప్పు దొరకకపోవచ్చు కూడా. 620 అసలైన 2011 లెక్కే కావచ్చు. ఇప్పుడు మీ తండాలో 800 మంది ఉన్నా, లెక్క పదిహేనేళ్ల కిందటిదే. ఇది కొత్త బాధ కాదు. మొట్టమొదట పంచాయతీలకు కేంద్రం నుంచి గ్రాంటు ఇమ్మన్న 10వ సంఘం, 1990ల నడుమ, తలకు వంద రూపాయల చొప్పున లెక్క కట్టింది. ఎవరి తలలు? 1971 జనాభావి. అప్పటికి పుట్టని పిల్లలు ఓటర్లై, వాళ్లకే పిల్లలు పుట్టిన తర్వాత కూడా లెక్క పాతదే.

కొత్త జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టారు. ఇది చదివే తండాల సర్పంచులందరికీ చెబుతున్నాను, ఆ ముందు రోజుల మీద కన్నేసి ఉంచండి. సంక్రాంతి దాటాక మన తండాల్లో సగం ఇళ్లకు తాళాలు ఉంటాయి. హైదరాబాదు మేస్త్రీ పనికి, బొంబాయికి, మిర్చి కోతలకు పోతారు. గణన రోజుల్లో ఒక్కసారన్నా ఇంటికి వచ్చి పేరు రాయించుకుని పొమ్మని ఫోను చేసి మరీ చెప్పండి. అవసరమైతే పండగ పెట్టండి. ఎన్యుమరేటరు తాళం చూసి వెళ్లిపోతే, ఆ అంకె పదేళ్లకు పైగా మీ తండాను వదలదు.

ఇక రెండో సంగతి, 2024 ఫిబ్రవరి నుంచి పైసలు రాకపోవడం. ఇక్కడా మింగినవాళ్లు లేరు. అసలు ఢిల్లీ నుంచి కదిలితే కదా. 2024 ఫిబ్రవరి మొదట్లో తెలంగాణ పంచాయతీల పాలకవర్గాల గడువు తీరింది. ఎన్నికలు పెట్టలేదు, ప్రత్యేకాధికారుల్ని వేశారు. ఆర్థిక సంఘం గ్రాంటు ఎన్నికైన పాలకవర్గం ఉన్న పంచాయతీకే ఇవ్వాలన్నది షరతు. రాజ్యాంగంలో అయిదేళ్లకోసారి ఎన్నిక జరగాలని రాసి ఉంది, దానికి కేంద్రం పట్టుకున్న పిలక ఇది. రాష్ట్రం ఎన్నిక జరపకపోతే శిక్ష పడేది మాత్రం రాష్ట్రానికి కాదు, ఊరికి. నాకు ఇందులో న్యాయం కనిపించదు. బడికి పంపని తండ్రిని వదిలేసి పిల్లవాడికి అన్నం మానిపించినట్టుంటుంది. ఇది తెలంగాణకే పట్టిన జబ్బూ కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2018 ఆగస్టులో గడువు తీరితే 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు లేవు, అక్కడా పైసలు ఆగాయి. ఎన్నికలయ్యాక అక్కడ ఇంకో గొడవ. తమకు చెప్పకుండానే ఆర్థిక సంఘం సొమ్ము పంచాయతీల కరెంటు బకాయిల కింద జమకట్టారని సర్పంచులు రోడ్డెక్కారు.

పాలకవర్గం ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. పోయిన ఏడాది ఖర్చుల లెక్క, అంతకు ముందు ఏడాది ఆడిట్ అయిన లెక్క ఆన్‌లైన్‌లో పెట్టాలి. అది లేని పంచాయతీ పేరు జాబితాలోంచి ఎగిరిపోతుంది. మీ తండాకు ఆ రెండూ ఎక్కాయా అని సెక్రటరీని ఇవాళే అడగండి. ఈగ్రామ్‌స్వరాజ్ సైటులో మీ పంచాయతీ పేరు కొడితే మీ ఫోనులోనే కనిపిస్తుంది, పాస్‌వర్డు అక్కర్లేదు. ఏ ఏడాది ఎంత జమ, దేనికి ఖర్చు అన్నదీ అందులోనే. మీ ఇంటర్ పిల్లల్లో ఒకరికి ఈ పని అప్పజెప్పండి.

ఢిల్లీ నుంచి వచ్చిన డబ్బు రాష్ట్రం దగ్గర ఆగే వీలుంది, అందుకు ఒక నియమం పెట్టారు. కేంద్రం నుంచి అందిన పది పనిదినాల్లో పంచాయతీల ఖాతాలకు చేర్చాలి. ఆలస్యమైతే వడ్డీతో సహా ఇవ్వాలి. ఇది సర్పంచుల సంఘం సమావేశాల్లో ఎవరూ ఎత్తని మాట. కేంద్రం విడుదల చేసిన తేదీ, మీ ఖాతాలో పడిన తేదీ రెండూ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.

పైసలు పడ్డాక వచ్చే గొడవ "సీసీ రోడ్డు ఎందుకు వెయ్యరు" అని. 15వ సంఘం లెక్కలో నూటికి 60 రూపాయలు కట్టేసిన డబ్బు, టైడ్ అంటారు. అందులో 30 తాగునీటికీ వాన నీటి నిల్వకీ, 30 పారిశుద్ధ్యానికీ. మిగిలిన 40 మాత్రమే మీ ఇష్టం. ఆ ఇష్టంలో కూడా జీతాలు, ఆఫీసు ఖర్చులు కుదరవు. పైన ఊహించుకున్న మూడు లక్షల తొమ్మిది వేలలో రోడ్డుకు వాడుకోగలిగేది దాదాపు లక్షా ఇరవై నాలుగు వేలు. దాంతో ఎన్ని గజాల రోడ్డు పడుతుందో మీ ఇంజనీరు ఏఈని అడగండి, నవ్వుతాడు. నీళ్ల కింద ఉన్నదాన్ని మాత్రం చిన్నచూపు చూడొద్దు. భగీరథ నీళ్లు వస్తున్నాయి గదా, ఇంక పనేముంది అనుకుంటారు. బడి దగ్గర కుళాయి చుట్టూ బురద, అందులో బర్రెలు, ఆ పక్కనే పిల్లలు. అక్కడో ఇంకుడు గుంత తవ్విస్తే ఆ డబ్బుకి పట్టే పనే. నీళ్ల పని నిజంగానే పూర్తయిపోయి ఉంటే, గ్రామసభ తీర్మానం చేసి, పై అధికారి ధ్రువీకరిస్తే, ఆ వాటా పారిశుద్ధ్యానికి మళ్లించుకోవచ్చు. అటు నుంచి ఇటూ అంతే. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని మన చట్టంలోనే ఉంది గనుక సందర్భం వెతుక్కోనక్కర్లేదు.

2026 ఏప్రిల్ నుంచి 16వ సంఘం కాలం, అధ్యక్షుడు అరవింద్ పనగడియా. మీ అయిదేళ్ల పదవిలో మూడు నెలలు పోను మిగతాదంతా దాని కిందే. కాబట్టి ఈ 90, 10, 60, 40 అన్న అంకెల్ని పాత చీటీలా దగ్గర పెట్టుకుని, కొత్త మార్గదర్శకాల కాగితం మీ చేతికి రాగానే ఏది మారిందో పక్కన పెట్టి చూసుకోండి. "పోయినసారి లాగే" అని ఎవరన్నా నోటిమాటగా చెబితే ఊరుకోకండి.

ఇంకో రెండు ముక్కలు, మీరు అడగకపోయినా.

డబ్బు కదిలేది చెక్కు మీద కాదిప్పుడు, డిజిటల్ కీ మీద. చిన్న పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. నేను చూసినంతలో ఆడవాళ్లు సర్పంచులైన చాలా చోట్ల ఆ కీ ఆపరేటరు డ్రాయరులోనో, భర్త చొక్కా జేబులోనో ఉంటుంది. మీ సంతకం ఎవరి జేబులో ఉంటే సర్పంచి వాళ్లే. దాన్ని మీ పుస్తెలతాడంత జాగ్రత్తగా పెట్టుకోండి, పిన్ నంబరు మీ ఆయనకు కూడా చెప్పొద్దు. ఆయన మంచివారే కావచ్చు. రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తే నోటీసు మీద ఉండేది మీ పేరు.

రెండోది, అప్పు. గెలిచిన ఉత్సాహంలో "నిధులు రాగానే తీసుకోవచ్చు, ముందు పని చేయించెయ్" అనేవాళ్లు మీ చుట్టూ ఇప్పటికే చేరి ఉంటారు. మీకు ముందున్న సర్పంచుల్లో బంగారం కుదువబెట్టి, మూడు రూపాయల మిత్తికి తెచ్చి పనులు చేయించినవాళ్లున్నారు. పదవి పోయి రెండేళ్లయినా ఆ బిల్లుల కోసం వాళ్లు ధర్నాలు చేస్తూనే ఉన్నారు. ఖాతాలో లేని డబ్బుకి పని మొదలుపెట్టకండి. అంచనా, తీర్మానం, ఎంబీ (పని కొలతల పుస్తకం) రికార్డు, అప్పుడు బిల్లు. ఆ వరస తప్పిన పనికి బిల్లు పాస్ చేసిన అధికారుల్ని నా సర్వీసులో ఇద్దరు ముగ్గురినే చూశాను, వాళ్లూ ఆ తర్వాత సస్పెండ్ అయ్యారు.

విభజన ఫైలు నకలు అందగానే ఆ పట్టిక ఫొటో తీసి పంపండి. పెద్ద ఊరి అంకె కూడా అందులోనే ఉంటుంది, అది కత్తిరించకండి. 2011లో ఆ రెవెన్యూ గ్రామం మొత్తం జనాభాలోంచి ఇప్పుడు అక్కడ మిగిలిన 3,100నీ, మీ 620నీ, ఇంకేమన్నా తండా విడిపోయి ఉంటే దాన్నీ తీసేస్తే సున్నా రావాలి. సున్నా రాకపోతే ఆ తేడా మనుషులు ఎవరి ఖాతాలో ఉన్నారో తర్వాతి ఉత్తరంలో చూద్దాం.